జుట్టు రాలుతోందని వచ్చిన పేషెంట్: ఒక లేజర్ కేసు

ఓపీ చీటీ మీద సమస్య అన్న చోట "జుట్టు రాలడం" అని రాసి ఉంది. రాత్రి తొమ్మిది దాటింది, ఆ రోజుకు ఆయనే చివరి పేషెంట్. ముప్పై ఆరేళ్ల మనిషి, నెత్తి నిండా ఒత్తైన జుట్టు. కూర్చున్నాక షాంపూ పేరు చెప్పాడు, ఇంట్లో బోరు నీళ్లే అన్నాడు, నీళ్లలో ఉప్పు ఎక్కువన్నాడు. నేను పాయలు తీసి చూసి, జుట్టుకేం కాలేదండీ అన్నాను. ఆయన లేవలేదు. సిస్టర్ బయటికి వెళ్లేదాకా ఆగి, తలుపు వైపు ఒకసారి చూసి, "ఇంకోటి ఉంది సార్... కింద" అన్నాడు.

జుట్టు, మొటిమలు, తామర అంటూ లోపలికి వచ్చి, వెళ్లే ముందు అసలు సంగతి చెప్పే మగవాళ్లు నాకు వారానికి ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. అందుకే ఏమీ లేదన్నాక కూడా కుర్చీలోంచి లేవని మనిషిని నేను తొందరపెట్టను. ఇది అంగం మీద వచ్చిన పులిపిర్ల కేసు, ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను.

రాణిగంజ్‌లో పైపులు, మోటార్లు అమ్మే షాపులో సేల్స్ చూస్తాడు. ఉప్పల్ వైపు అద్దె ఇల్లు, భార్య, పదకొండేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు. ఐదు నెలల కిందట స్నానం చేస్తుంటే ఆవగింజంత గింజ చేతికి తగిలింది. చెమటకాయ అనుకున్నాడు. రెండు నెలల్లో ఒకటి నాలుగయ్యాయి. ఊరికి పోయినప్పుడు ఒక పెద్దాయనను మెడ మీద పులిపిర్లకు మందేంటని అడిగాడు. సున్నం, బట్టల సోడా సమంగా కలిపి అగ్గిపుల్లతో అద్దమని ఆయన చెప్పాడు. సున్నమూ సోడా తడిగా కలిస్తే తయారయ్యేది కాస్టిక్ సోడా. మెడ మీద పెట్టినా ఒళ్లు కాలుతుంది. ఈయన పెట్టిన చోటు మెడ కాదని పాపం ఆ పెద్దాయనకు తెలీదు. మూడు వారాలు పుండుతో షాపుకు వెళ్లాడు, ప్యాంటు రాసుకుంటుంటే స్కూటర్ మీద నిలబడి నడిపాడు. పుండు మానింది. మానిన మచ్చ అంచునే పులిపిర్లు మళ్లీ మొలిచాయి.

తర్వాత గోడల మీద రాతలు చూసి ఒక చోటికి, ఆపైన ఇంకో క్లినిక్‌కు వెళ్లాడు. రెండో చోట "ఒక్క సిట్టింగ్, పర్మనెంట్ క్యూర్" అని ప్యాకేజీ చెప్పి ఐదు వేలు అడ్వాన్స్ తీసుకున్నారట. బట్టలు విప్పించి చూడకముందే రేటు చెప్పారు, అదే ఆయనకు అనుమానం తెప్పించింది. షాపులో సరుకు చూడకుండా రేటు చెప్పే కస్టమర్‌ను తను కూడా నమ్మడట.

పరీక్ష బల్ల మీద మంచి లైటు వేసి, లెన్సుతో చూశాను. ముందు చర్మం వెనక్కి తీయడమే కష్టమైంది. అంచు బిగుసుకుపోయి, నాలుగు చోట్ల సన్నటి పగుళ్లు, తెల్లటి పూత. వెనక్కి తీశాక లోపలి వైపు తొమ్మిది చిన్న పులిపిర్లు, అంచు కింది గాడిలో కాలీఫ్లవర్ ముక్కలాంటి గుత్తి ఒకటి, దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. అంగం మొదట్లో నాలుగు, పైన వెంట్రుకల్లో రెండు. ఆ రెండింటిలో ఒకటి నల్లగా, బల్లపరుపుగా, మిగతావాటి పోలిక లేకుండా ఉంది. సోడా కాల్చిన మచ్చ తెల్లగా తళతళలాడుతోంది. గజ్జల్లో గడ్డలు లేవు, మలద్వారం చుట్టూ శుభ్రంగా ఉంది, నోట్లో ఏమీ లేదు. కేస్ షీట్ మీద గడియారంలా ఒక గుండ్రం గీసి, ఏది ఎన్ని గంటల దగ్గర ఉందో చుక్కలు పెట్టాను. ఆ బొమ్మ మధ్యలో ఒక చోటు ఖాళీగా వదిలేశాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

అక్కడ కనిపించే ప్రతి గింజా పులిపిరి కాదు. అంగం కొన అంచున ముత్యాలు గుచ్చినట్టు ఒకే సైజులో వరసగా ఉండే గింజలు చాలామంది కుర్రాళ్లకు యుక్తవయసులో సహజంగా వచ్చేవే, జబ్బు కాదు. పోయిన ఏడాది ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వాటికి లేజర్ చేయించుకోవడానికి అప్పు చేసి మరీ వచ్చాడు. సెల్‌ఫోన్లో బొమ్మలు చూపించి, నీవి ఇవేరా నాయనా అని చెప్పి పంపించేసరికి అరగంట పట్టింది. నమ్మకం కుదరక వారానికి మళ్లీ వచ్చి ఇంకోసారి చూపించుకున్నాడు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి రెండో దశలో వచ్చేవి వెడల్పుగా, చెమ్మగా ఉంటాయి. వాటిని పులిపిర్లనుకుని లేజర్‌తో కాలిస్తే పైన చర్మం మానుతుంది, లోపల జబ్బు హాయిగా నడుస్తుంది. కాబట్టి రక్తపరీక్ష రాకుండా నేను మెషీన్ ఆన్ చేయను.

సిఫిలిస్‌కు చేసే వీడీఆర్ఎల్, టీపీహెచ్ఏ పరీక్షలు నెగెటివ్. హెచ్ఐవీ పరీక్షకు కూర్చోబెట్టి మాట్లాడి, సంతకం తీసుకుని పంపాను, అదీ నెగెటివ్. హెపటైటిస్ బీ, సీ లేవు. షుగర్ రాస్తుంటే "నాకు షుగర్ గిగర్ ఏం లేదు సార్, మా నాయనకే ఉండె" అన్నాడు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.6 వచ్చింది, బాగా ఎక్కువ.

ముందు చర్మం పగుళ్లకు, తెల్ల పూతకు కారణం అదే. షుగర్ ఎక్కువైన మగవాళ్లకు అక్కడ ఫంగస్ పట్టడం, చర్మం పగిలి బిగుసుకోవడం మా ఓపీలో రోజూ చూసేదే. చాలామందికి షుగర్ బయటపడేది కూడా అలాగే. చెమ్మగా, పగుళ్లతో ఉన్న చర్మంలో వైరస్‌కు దారి సులువు, పైగా అలాంటి చర్మాన్ని లేజర్ చేస్తే మానడానికి రెట్టింపు టైం. ఆయనేమో రేపే చేసేయండి అంటాడు. నేను మూడు వారాలు ఆగుదాం అన్నాను. ఫంగస్‌కు క్లోట్రిమజోల్ క్రీము, షుగర్‌కు ఒక ఫిజీషియన్ దగ్గరికి చీటీ.

చిన్న సంగతే కానీ తోటి డాక్టర్లకు చెప్పాలి. ఆయన తిరిగి వచ్చినప్పుడు చీటీ చూస్తే మెట్‌ఫార్మిన్‌తో పాటు డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. మంచి మందే, కాదనను. కానీ అది షుగర్‌ను మూత్రంలోకి పంపిస్తుంది. తియ్యటి మూత్రం, బిగుసుకున్న ముందు చర్మం ఒకచోట కలిస్తే ఫంగస్‌కు పండగ. ఫిజీషియన్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన వెంటనే వేరే మందుకు మార్చారు. మనం "కింద" అన్నది చీటీలో రాయం, ఫిజీషియన్ అడగరు. అందులో ఎవరి తప్పూ లేదు, ఫోన్ చేస్తే సరిపోతుంది.

ఆ మూడు వారాల్లో ఒకరోజు నల్లటి మచ్చలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాను. లేజర్ ఆవిరి చేసేస్తుంది, పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. తర్వాత అనుమానం వస్తే చేతిలో ఆధారం ఉండదు. నల్లగా, చదునుగా ఉన్నవాటిలో కొన్ని బోవనాయిడ్ పాపులోసిస్ అయ్యే అవకాశం ఉంది. చూడటానికి పులిపిరే, మైక్రోస్కోపు కింద మాత్రం క్యాన్సర్ ముందు దశ మార్పులుంటాయి. రిపోర్టు మామూలు పులిపిరి అనే వచ్చింది. కేంద్రకం చుట్టూ తెల్లటి ఖాళీ ఉన్న కణాలు కనిపించాయి, చెడు మార్పులు లేవు. ఊపిరి పీల్చుకున్నాను.

ఇక అసలు ప్రశ్న. అది లేజర్ గురించి కాదు.

"ఎక్కడి నుంచి వచ్చింది సార్ ఇది?"

అడిగినవాడికి జవాబు తెలుసనిపిస్తుంది ఆ గొంతు వింటే. ఏడాదిన్నర కిందట కంపెనీ వాళ్ల మీటింగుకు గోవా వెళ్లారు. ఒక్కసారే అన్నాడు. తల దించుకుని టేబుల్ అంచు గోరుతో గీకుతున్నాడు. నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదు, కానీ దీని లెక్క చెప్పగలను. పులిపిర్లు తెచ్చేది హెచ్‌పీవీ అనే వైరస్. దానిలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. జననాంగాల మీద వచ్చే పులిపిర్లలో పదింట తొమ్మిది 6, 11 రకాల వల్లే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యే 16, 18 రకాలు వేరు. వైరస్ తగిలాక పులిపిరి కనిపించడానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. కొందరికి మూడు వారాలే, కొందరికి ఎనిమిది నెలలు, ఇంకొందరిలో అది ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పడుకుంటుంది. చాలామందికి వైరస్ తగిలినా పులిపిర్లే రావు, ఒంట్లో ఉన్న శక్తే దాన్ని అణిచేస్తుంది. కాబట్టి ఎవరి నుంచి ఎవరికి, ఏ రోజు అని ఏ పరీక్షా చెప్పదు. గోవా అయి ఉండొచ్చు. పెళ్లికి ముందుదీ అయి ఉండొచ్చు. ఆ ఒక్క వాక్యం విన్నాక ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. ఆ ఊరట కోసం చెప్పిన మాట కాదది, సైన్సు అంతవరకే చెబుతుంది.

"మా ఇంట్లామెకు చెప్పొద్దు సార్" అన్నాడు. నేను చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఆమెను లేడీ డాక్టర్ చూడాలి, అదెలా జరగాలో మీరే ఆలోచించండి అన్నాను. అంతదాకా కండోమ్. అది కప్పని చర్మం నుంచి కూడా వైరస్ అంటుతుంది కాబట్టి కండోమ్ పూర్తి రక్ష కాదు, అయినా ఉండాలి. మానేదాకా అసలు దూరంగా ఉండటమే మేలు.

లేజరే ఎందుకు అంటే, వేరే దారులు లేక కాదు. ఇమిక్విమోడ్ క్రీము వారానికి మూడు రాత్రులు రాసుకుని పొద్దున కడుక్కోవాలి, పదహారు వారాల దాకా పట్టొచ్చు. పోడోఫిల్లోటాక్సిన్ మూడు రోజులు రాసి నాలుగు రోజులు ఆపాలి. నాలుగైదు పులిపిర్లుండి, ఓపిక ఉన్నవాళ్లకు ఇంట్లో రాసుకునే మందులే మంచివి, నేనూ ముందు అవే ఇస్తాను. లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం చవక, సులువు, కానీ వారం రెండు వారాలకోసారి పలుమార్లు రావాలి. ఈయనకు పదహారు ఉన్నాయి, అందులో ఒకటి గుత్తి. సగానికి పైగా బిగుసుకున్న ముందు చర్మం లోపల. అక్కడ ఘాటైన క్రీము పెడితే చర్మం ఇంకా వాచి ఇంకా బిగుసుకుంటుంది. సోడా దెబ్బ ఒకసారి తిన్న చర్మం కూడా. పైగా షాపులో సెలవు అడగాలంటే కారణం చెప్పాలి. అన్నీ చూసి కార్బన్ డయాక్సైడ్ లేజర్ అనుకున్నాం. సుంతీ మాట కూడా ఎత్తాను, ముందు చర్మం సమస్య, లోపలి పులిపిర్లు రెండూ ఒకేసారి పోతాయి కదా అని. వద్దన్నాడు. షుగర్ దిగితే చర్మం వదులవుతుందేమో చూద్దామని నేనూ ఒత్తిడి చేయలేదు. మూడు వారాల్లో నిజంగానే వదులైంది.

ఒప్పంద పత్రం మీద నా చేత్తో తెలుగులో రాసి చదివి వినిపించాను: లేజర్ కంటికి కనిపించే పులిపిర్లను తీసేస్తుంది, వైరస్‌ను కాదు. పక్కన మామూలుగా కనిపించే చర్మంలో కూడా వైరస్ ఉండొచ్చు. నూటికి ఇరవై ముప్పై మందిలో మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ వస్తాయి, వస్తే మళ్లీ తీయాలి. ఆయన రెండుసార్లు చదివి, "అక్కడ పర్మనెంట్ అన్నరు కదా సార్" అన్నాడు. అక్కడే చేయించుకునేవాడేమోనని ఒక్క క్షణం నాకూ అనిపించింది. పెన్ను అడిగి సంతకం పెట్టాడు.

లేజర్ రోజు ఆదివారం మధ్యాహ్నం. వెంట్రుకలు గీక్కుని రావద్దని ముందే చెప్పాను. బ్లేడు పెడితే కంటికి కనపడని గాట్ల వెంట వైరస్ పాకుతుంది. కత్తెరతో కురచగా కత్తిరిస్తే చాలు. స్పిరిట్ ఎక్కడా వాడలేదు, నీళ్లలో కలిపిన బెటాడిన్‌తో తుడిచాం. స్పిరిట్ తడి మీద లేజర్ పడితే మంట అంటుకుంటుంది. చుట్టూ సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డలు పరిచాం. మత్తు క్రీము పదిహేను నిమిషాలు ఉంచి, ఆ తర్వాత అంగం మొదట్లో చుట్టూ రెండు శాతం లిగ్నోకైన్ మత్తుమందు, అడ్రినలిన్ కలపనిది, ఎనిమిది మిల్లీలీటర్లు ఎక్కించాను. సూది గుచ్చేటప్పుడు సిస్టర్ ఆయనను పైపుల రేట్లు అడిగింది. ఇంట్లో బోరు మోటారు పాడైందట, నిజంగానే అడిగింది. ఒకటిన్నర హెచ్‌పీనా రెండా అని ఆయన వివరిస్తుండగానే తిమ్మిరెక్కింది.

ఈ లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు, కంటికి కనపడదు. దాన్ని పీల్చుకునేది నీరు. కణంలో ఉన్న నీరు క్షణంలో మరిగి కణం ఆవిరైపోతుంది. అంతే, మర్మమేమీ లేదు. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. స్టూడెంట్లకు ఈ మాట చెబితే ఒక్క నిమిషం నిద్ర మానుకుని చూస్తారు.

కిరణం తెంపుతెంపుగా వచ్చే సూపర్‌పల్స్‌లో మూడు వాట్లతో మొదలుపెట్టాను. చేతిపిడి కాస్త దూరంగా పట్టుకుంటే కిరణం వెడల్పై పొరను పైపైన తీస్తుంది, దగ్గరికి తెస్తే కోస్తుంది. పులిపిరి మీద పడగానే చిటపటమని చిన్న శబ్దం, తెల్లటి పొగ, వెంట్రుక కాలిన వాసన. ఒక పొర పోయాక నల్లటి మసి మిగులుతుంది. దాన్ని తడి గుడ్డతో తుడవాలి. కొత్తగా చేసేవాళ్లు తుడవకుండా మసి మీదే మళ్లీ కాలుస్తారు. మసిలో నీరుండదు, ఆవిరి కావడానికి ఏమీ లేదు, వేడంతా కిందికి దిగి మచ్చ పడుతుంది. తుడిస్తే కింద గులాబీ రంగులో నున్నటి చర్మం బయటపడుతుంది, అక్కడ ఆగాలి. వైరస్ ఉండేది పైపొరలోనే, ఇంకా లోతుకు పోతే లాభం లేదు, మచ్చ తప్ప. సూదిమొన రక్తపు చుక్కలు కనపడ్డాయంటే లోతు సరిపోయింది. ప్రతి పులిపిరి చుట్టూ రెండు మిల్లీమీటర్ల మామూలు చర్మాన్ని కూడా పలచగా తుడిచినట్టు తీశాను.

గుత్తికి అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది. పైపైన తీస్తుంటే అది పెద్ద చెట్టు కాదని, మూడు సన్నటి కాడల మీద నిలబడిన పొద అని తెలిసింది. కాడల మొదళ్లు చూసుకుని ఒక్కొక్కటీ తీశాను. లోపలి వైపు తొమ్మిదింటిని చుట్టూ ఒకే గీతగా కాల్చకుండా మధ్య మధ్యలో మంచి చర్మం వదిలాను. పుండు ఉంగరంలా చుట్టూ పడితే మానేటప్పుడు ముడుచుకుని, మనమే ఆయనకు కొత్త జబ్బు తెచ్చినవాళ్లమవుతాం.

పొగ సంగతి కొన్ని క్లినిక్‌లలో అసలు పట్టించుకోరు, నాకు అది కోపం తెప్పిస్తుంది. ఆ పొగలో వైరస్ డీఎన్ఏ ఉంటుందని 1980ల నుంచీ తెలుసు. 1991లో నార్వే నుంచి ఒక కేసు ప్రచురించారు. పేషెంట్లకు ఈ పులిపిర్లను లేజర్‌తో తీసిన సర్జన్‌కే గొంతులో పులిపిర్లు వచ్చాయి. మామూలు సర్జికల్ మాస్కు చాలదు, ఎన్95 కావాలి. పొగను లాగేసే మెషీన్ గొట్టం పులిపిరికి రెండు సెంటీమీటర్ల లోపు ఉండాలి. గొట్టం పట్టుకునే సిస్టర్ నా కంటే ముఖ్యమైన పని చేస్తోందని నా లెక్క. ఫ్యాను ఆపేస్తాం, ఏసీ గాలి బల్ల మీదికి రాకుండా తిప్పుతాం. మొత్తం నలభై నిమిషాలు. ఆయన మధ్యలో ఒక్కసారి వాసన గురించి అడిగాడు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పినవి కొన్నే. రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో పది నిమిషాలు కూర్చోవాలి, తర్వాత మెత్తగా అద్ది ఫ్యూసిడిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్ పలచగా రాయాలి. ముందు చర్మం రోజూ వెనక్కి తీసి కడగాలి, లేకపోతే పుండ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తీశాక మళ్లీ ముందుకు తేవడం మర్చిపోవద్దని మూడుసార్లు చెప్పాను. వెనక్కే వదిలేస్తే వాచి బిగుసుకుని రాత్రికి రాత్రే ఎమర్జెన్సీ అవుతుంది.

ఐదో రోజు రాత్రి పదకొండుకు ఫోన్. "చీము పట్టింది సార్!" ఫొటో వద్దని, పొద్దున్నే వచ్చేయమన్నాను. చీము కాదు, మానే పుండు మీద వచ్చే పసుప్పచ్చటి పొర. వాసన లేదు, ఎరుపు పాకలేదు, జ్వరం లేదు. ఆ పొర గురించి ముందే చెప్పి ఉంటే ఆయనకు ఒక రాత్రి నిద్ర మిగిలేది. ఇప్పుడు ఆ పొర ఫొటో ఒకటి నా దగ్గర ఉంచుకుని, లేజర్ రోజే చూపిస్తున్నాను. పదిహేడో రోజుకు అన్నీ మానాయి. గుత్తి ఉన్న చోట చర్మం కాస్త పాలిపోయింది, అంతే.

ఏడో వారంలో వచ్చాడు. అంగం మొదట్లో రెండు కొత్తవి, గసగసాలంత. అవి నేను ఊహించినవే. "మూత్రం రెండు పాయలుగా వస్తోంది సార్, వారం నుంచి" అన్నాడు. అప్పుడు మూత్రం వచ్చే రంధ్రం పెదవులను రెండు వేళ్లతో విప్పి చూశాను. లోపలి గోడ మీద, అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల లోతులో, గులాబీ రంగు పులిపిరి ఒకటి.

అది కొత్తది కాదని నా నమ్మకం. మొదటి రోజు గడియారం బొమ్మలో ఖాళీగా వదిలింది ఆ చోటే. బిగుసుకున్న ముందు చర్మంతో కుస్తీ పట్టి, పదహారు చుక్కలు పెట్టి, రంధ్రాన్ని విప్పి చూడటం మర్చిపోయాను. పీజీలో మా ప్రొఫెసర్ మొదటి వారం నేర్పిన పాఠం అది. మూత్రంలో మంట ఉందా అని అడిగాను, లేదన్నాడు, అక్కడితో వదిలేశాను. మగవాళ్లలో రంధ్రం లోపలి పులిపిరి నొప్పి పెట్టదు, చాలాసార్లు మూత్రం పాయ చీలడం తప్ప ఏ గుర్తూ ఉండదు. ఆ మాట ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను, ఇది నేను చూడవలసింది, చూడలేదు అని. ఆయన కోప్పడలేదు, "ఇప్పుడు చూసిండ్రు కదా" అన్నాడు. ఆ సిట్టింగ్‌కు డబ్బు తీసుకోలేదు.

రంధ్రం దగ్గర లేజర్ జాగ్రత్తగా చేయాలి, మచ్చ పడితే దారి ఇరుకవుతుంది. లిగ్నోకైన్ జెల్లీ, పైన సన్నటి సూదితో అర మిల్లీలీటరు, వాట్లు ఒకటిన్నరకు తగ్గించి, ఒక్కో పల్సుగా, మొదలు వరకే. తడి దూది లోపల పెట్టి అవతలి గోడను కాపాడుకున్నాను. లోతు ఇంకా ఎక్కువుంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు, స్కోపు వేసి చూడటానికి యూరాలజిస్టు దగ్గరికి పంపేవాణ్ణి. అంగం మొదట్లో ఉన్న గసగసాలంత వాటికి ఈసారి ఇమిక్విమోడ్ ఇచ్చాను, అక్కడ పొడి చర్మం కాబట్టి ఓర్చుకుంటుంది. ఎర్రబడి దురద పెట్టింది, రెండు రోజులు ఆపి మళ్లీ రాశాడు. ఆరు వారాల్లో పోయాయి. నా కేస్ షీట్ బొమ్మలో ఇప్పుడు నడిమధ్య ఒక గడి అచ్చు వేయించాను, అది నిండకపోతే సిస్టర్ ఫైలు వెనక్కి పంపిస్తుంది.

ఆయన భార్యకు ఎలా చెప్పాడో నాకు తెలీదు, అడగలేదు. రెండో లేజర్ తర్వాత నెలకు ఆమె మా పక్క వీధిలోని గైనకాలజిస్టు దగ్గరికి వచ్చింది. లోపలి పెదవుల దగ్గర రెండు చిన్న పులిపిర్లు కనిపిస్తే ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ అద్ది తీసేశారు. గర్భాశయ ముఖద్వారం కణాలు చూసే పాప్ స్మియర్ పరీక్ష నార్మల్. పులిపిర్లు ఉన్నంత మాత్రాన పాప్ పరీక్షలు ఎక్కువసార్లు చేయక్కర్లేదు, వయసుకు తగ్గట్టు అందరిలా చేయించుకుంటే చాలు. గర్భంతో ఉండి ఉంటే లెక్క వేరు, అప్పుడు ఇమిక్విమోడ్, పోడోఫిల్లోటాక్సిన్ రెండూ వాడం. ఆమె కూడా అడిగిందట, "ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది మేడం?" అని. మా మేడం కూడా నేను చెప్పిన లెక్కే చెప్పారు. మేమిద్దరం ముందుగా మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి వచ్చారు నా దగ్గరికి. ఆమె ముందు కుర్చీలో, ఆయన వెనక గోడకు ఆనుకుని. మాట్లాడింది ఆమే. టవళ్లు వేరుగా పెట్టాలా, పిల్లలకు అంటుతుందా అని అడిగింది. ఇది ప్రధానంగా చర్మానికి చర్మం రాసుకుని, శృంగారంలో అంటేది. పిల్లలను ఎత్తుకోవడం, ఒకే కంచంలో తినడం వల్ల భయం లేదు, ఎవరి టవల్ వాళ్లు వాడటం ఎలాగూ మంచి అలవాటే అన్నాను. కూతురు గురించి అడిగినప్పుడు మాత్రం నేను కాస్త ఎక్కువే మాట్లాడాను. 6, 11, 16, 18 నాలుగు రకాలనూ అడ్డుకునే టీకాలున్నాయి, సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ 2023లో మన మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికే వచ్చిన పులిపిర్లను ఈ టీకాలు తగ్గించవు, కాబట్టి వీళ్లిద్దరి పులిపిర్లకు అది మందు కాదు. కానీ పదకొండేళ్ల పిల్లకు అదే సరైన వయసు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వరకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు, దాటితే మూడు. "అంత చిన్న పిల్లకా?" అని ఆయన వెనక నుంచి అన్నాడు. ఆమె తిరిగి చూసింది, ఆయన మళ్లీ మాట్లాడలేదు.

రెండో లేజర్ అయి ఇప్పటికి ఎనిమిది నెలలు. మూడు చూపుల్లోనూ కొత్తవి లేవు, రంధ్రం లోపల కూడా. మూత్రం ఒకే పాయగా వస్తోంది. హెచ్‌బీఏ1సీ 6.9. ముందు చర్మం సులువుగా వెనక్కి వస్తోంది, సుంతీ మాట మళ్లీ ఎత్తలేదు. సిగరెట్లు రోజుకు ఆరు నుంచి రెండుకు తగ్గించానంటాడు, ఆ లెక్క నేను పూర్తిగా నమ్మను. పాపకు మొదటి డోసు వేయించారు. రెండో డోసుకు తీసుకొచ్చే రోజే తనూ చూపించుకుంటానని, ఓపీ చీటీలో ఈసారి "చెకప్" అని రాయించమని రిసెప్షన్‌లో చెప్పి వెళ్లాడు.